ముడి వజ్రానికి ధర కట్టేదెవరు?

(భీమవరంలో ఒక గ్రంథాలయ సాయంకాల సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారమండి. వజ్రాల మీద ప్రసంగం అని బోర్డు మీద రాశారు గనక, ముందు వరసలో కూర్చున్న అమ్మలు నగల డిజైన్ల గురించి చెబుతాననుకుంటున్నారేమో. నగల జోలికి నేను పెద్దగా వెళ్ళను. నేను బొంబాయిలో ఒపెరా హౌస్ దగ్గర, తరవాత బాంద్రా కుర్లా కాంప్లెక్సులో పని చేసింది రఫ్ సరుకు మీద. రఫ్ అంటే గనిలోంచి వచ్చి, ఇంకా సాన తగలని రాయి. మసగ్గా, జిడ్డు పట్టినట్టు ఉంటుంది. మీ గుమ్మంలో పడి ఉంటే చీపురుతో ఊడ్చేస్తారు.

బంగారానికి ప్రపంచమంతా ఒక రేటు ఉంది. నర్సాపురం బజార్లో అయినా, లండన్లో అయినా పొద్దున్నే ఫోన్లో చూసుకోవచ్చు. రఫ్ వజ్రానికి అలాంటి రేటు ఎప్పుడూ లేదు, ఇవాళా లేదు. రాయిని ఎవరు ఏరారు, ఏ కుప్పలో వేశారు, ఆ కుప్పని ముందుగా ఎవరికి చూపించారు, ధర అక్కడ పుడుతుంది. ఈ పూట నేను చెప్పదలచుకున్నదంతా దీని చుట్టూనే.

2023లో ప్రపంచంలోని గనులన్నీ కలిపి తీసిన రఫ్ సుమారు 11 కోట్ల 15 లక్షల క్యారట్లు. క్యారట్ అంటే 200 మిల్లీగ్రాములు గనక మొత్తం బరువు 22 టన్నులే. రైస్ మిల్లు ముందు ఆగే పెద్ద లారీ ఒక్కటి చాలు. విలువ మాత్రం దాదాపు 1,270 కోట్ల డాలర్లు. అంటే క్యారట్‌కి సగటున 114 డాలర్లు. కానీ ఈ సగటు పట్టుకుని బజారుకి వెళ్తే ఒక్క రాయి కూడా కొనలేం. కాంగోలో తవ్వేది ఎక్కువగా పరిశ్రమలకి పోయే నాసిరకం, అక్కడ క్యారట్ సగటు పది డాలర్ల లోపే ఉంటోంది. లెసోతో కొండల్లో లెట్‌సెంగ్ అనే గని ఉంది, అక్కడ సగటు వెయ్యి డాలర్ల పైమాట. రెండు చోట్లా తూకం వేసేది అదే క్యారట్‌తో.

మీలో చెరువులున్నవాళ్ళు చాలామంది ఉన్నారు గనక దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. కొనేవాడి మనిషి గట్టు మీదికొచ్చి, వలేసి శాంపిల్ తీసి, కిలోకి ఎన్ని తూగాయో లెక్కపెట్టి ముప్ఫై కౌంటో, యాభై కౌంటో, వంద కౌంటో చెప్పేదాకా మీ రొయ్యకి రేటు లేదు. కౌంట్ కట్టేవాడూ కొనేవాడూ ఒకడే అయితే ఏమవుతుందో మీకు నాకన్నా బాగా తెలుసు. (నవ్వులు) రొయ్యకి ఆ ఒక్క కౌంట్‌తో సరిపోతుంది. వజ్రానికి, రఫ్ అమ్మే పెద్ద కంపెనీ డి బీర్స్ వాళ్ళ ధరల పుస్తకంలో సుమారు పన్నెండు వేల రకాలున్నాయి.

పన్నెండు వేలు ఎలా అయ్యాయో చెబుతాను. ఏరే గది కిటికీలు ఉత్తరం వైపు ఉంటాయి. అటునుంచి ఎండ నేరుగా పడదు, వెలుతురు పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒకే తీరుగా ఉంటుంది. భూమధ్యరేఖకి అవతల లెక్క తిరగబడుతుంది. దక్షిణాఫ్రికాలో కింబర్లీ ఊళ్ళో రాళ్ళు ఏరడానికే కట్టిన ఎత్తైన భవనం ఒకటుంది, దాని కిటికీలన్నీ దక్షిణానికే. బల్ల మీద తెల్ల కాగితం, చేతిలో పట్టకారు, కంటి దగ్గర పది రెట్లు పెద్దగా చూపించే లూప్. నా బల్ల దగ్గరికి ఎవరైనా పసుపు చొక్కా వేసుకుని వస్తే దూరంగా నిలబడమనేవాణ్ణి. ఆ పసుపు రాయిలోకి దిగుతుంది, తెల్ల సరుకు ఒక మెట్టు కిందికి పోతుంది.

ఆమ్లాల్లో ఉడికించి మట్టీ తుప్పూ వదిలించిన సరుకు ముందు జల్లెడకి వస్తుంది. గుండ్రటి చిల్లులున్న పళ్ళేలు, ఒక్కోదానికి ఒక నంబరు. చిన్న రాళ్ళని విడిగా ఎవరూ తూచరు, ఏ నంబరు జల్లెడ మీద ఆగిందన్నదే వాటి సైజు. కాస్త పెద్దవాటిని గ్రెయిన్లలో చెబుతారు. గ్రెయిన్ అంటే పావు క్యారట్, ఫోర్ గ్రెయినర్ అంటే క్యారట్ రాయి. 10.8 క్యారట్లు దాటితే దాన్ని స్పెషల్ అంటారు, దాని దారే వేరు.

సైజు తరవాత ఆకారం. రెండు పిరమిడ్లు అడుగులు కలుపుకుని నిలబడినట్టు ఎనిమిది ముఖాలతో పుట్టిన రాయి అందరికన్నా మేలు. నడుం దగ్గర కోస్తే రెండు రాళ్ళొస్తాయి, బరువులో సగానికి అటూ ఇటూ మిగులుతుంది. కోయడానికి వీల్లేక ఉన్నదాన్ని ఉన్నట్టే సాన పట్టాల్సినవి మేకబుల్స్, వాటిలో పోయేదే ఎక్కువ. త్రికోణంగా పలకలా పుట్టినవి మేకల్స్. విరిగిన ముక్కలు క్లీవేజ్‌లు. ఆ తరవాత లోపలి మచ్చలు, చీలికలు. చివర్న రంగు. ఈ నాలుగూ ఒకదాన్నొకటి హెచ్చవేసుకుంటూ పోతే పన్నెండు వేలు పెద్ద లెక్కేం కాదు.

ఇక్కడ కాస్త ఆగుతాను, అసలు పని ఇక్కడే ఉంది. ఒక ఫోర్ గ్రెయినర్ తీసుకోండి, చక్కటి ఎనిమిది ముఖాల రాయి, లోపల నల్లటి చుక్క ఒకటి. ఆ చుక్క సరిగ్గా కోత పడే చోట ఉందనుకోండి, రంపంతోపాటే పోతుంది, రెండు శుభ్రమైన రాళ్ళు మిగులుతాయి. అదే చుక్క వెంట్రుకవాసి పైకి జరిగితే పై రాయి నడిబొడ్డున కూర్చుంటుంది. రాయి తోలు గరుకుగా ఉంటే బయటినుంచి చూసి అది ఎక్కడుందో చెప్పడం కష్టం. లోపల ముఖాలు వంచిన కాంతి వల్ల ఒక్క చుక్క నాలుగుగా కూడా కనిపిస్తుంది. అందుకని పెద్ద రాళ్ళకి ఒక మూల కొద్దిగా సాన పట్టి కిటికీ తెరుస్తారు. ఆకుపచ్చ తోలో, గోధుమరంగు తోలో కప్పుకున్న రాళ్ళయితే అచ్చంగా జూదమే. లోపల పాలలాంటి తెలుపు ఉండొచ్చు, తోలు రంగే మధ్యదాకా ఉండొచ్చు. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెట్టి ఒకే పొట్లం ఏరమంటే రెండు లెక్కలొస్తాయి. ఇద్దరూ నిజాయితీపరులే.

ఇప్పుడు ఇజ్రాయెల్‌కి చెందిన సరీన్ కంపెనీ మెషీన్లు, వజ్రాలు సాన పట్టే సూరత్ ఊరి నిండా ఉన్నాయి. రాయిని లోపలంతా స్కాన్ చేసి ఏ మచ్చ ఎక్కడుందో, ఎలా కోస్తే ఎంత వస్తుందో కంప్యూటర్లో చూపిస్తాయి. చాలా టెన్షన్ తగ్గించాయి, ఒప్పుకోవాల్సిందే. అయితే ఆ రాయి ఈ నెలలో ఎవరికి కావాలో మెషీన్ చెప్పదు.

ఏరడంలో ఇంకొకరి వాటా కూడా ఉంది, ప్రభుత్వానిది. ఆఫ్రికాలోని బోట్స్వానాలో వజ్రాల మీద రాయల్టీ పది శాతం. పది శాతం దేని మీద? ఏరినవాళ్ళు కట్టిన విలువ మీద. అందుకే కంపెనీ మనిషి ఏరిన సరుకుని ప్రభుత్వ వాల్యూయర్ మళ్ళీ చూస్తాడు. తన సరుకుని తాను ఏరుకోలేని దేశం, అవతలివాడు చెప్పిన కౌంట్‌కి తలూపాల్సిందే.

ఇక అమ్మకం సంగతి. 1867 ప్రాంతంలో దక్షిణాఫ్రికాలో హోప్‌టౌన్ దగ్గర రాయి దొరికింది, 1871 కల్లా కింబర్లీలో తవ్వకాలు జాతరలా మొదలయ్యాయి. అంతవరకూ వజ్రం అరుదైనది. ఒక్కసారిగా కుప్పలు తెప్పలుగా వచ్చేసరికి ధర నిలబడేదెట్లా? సిసిల్ రోడ్స్ 1888లో గనులన్నీ కలిపి డి బీర్స్ కంపెనీ చేశాడు. లండన్లో వ్యాపారులంతా ఒక సిండికేట్ కట్టారు. 1929లో ఎర్నెస్ట్ ఓపెన్‌హైమర్ డి బీర్స్ ఛైర్మన్ అయ్యాక అమ్మకం మొత్తం ఒకే గుమ్మంలోంచి జరిగే ఏర్పాటు గట్టిపడింది. వాళ్ళ గనుల సరుకే కాకుండా ఇతరుల సరుకూ వాళ్ళే కొని, ఏరి, కలిపి, అమ్మేవారు. గిరాకీ లేనప్పుడు లాకర్లలో పెట్టి కూర్చునేవారు. సోవియట్ యూనియన్ కూడా సైబీరియా వజ్రాలని చడీచప్పుడు లేకుండా వీళ్ళ ద్వారానే అమ్మింది. కమ్యూనిస్టు ప్రభుత్వం, దక్షిణాఫ్రికా పెట్టుబడిదారు ఒకే బల్ల దగ్గర కూర్చున్న చోటు బహుశా ఇదొక్కటే.

వాళ్ళు అమ్మే పద్ధతిని సైట్ అంటారు. ఏడాదికి పదిసార్లు. పిలుపు వచ్చినవాళ్ళే వెళ్ళాలి, వాళ్ళని సైట్‌హోల్డర్లు అంటారు, ఇప్పుడు వందలోపే ఉన్నారు. గదిలో మీ పేరు రాసిన పెట్టె ఉంటుంది. అందులో మీరడిగిన రకాలు ఉంటాయి, అడగనివీ కొన్ని ఉంటాయి. ధర పెట్టె మీదే ఉంటుంది. ఏ రాయి అయినా లూప్ పెట్టి చూసుకోవచ్చు. బేరం మాత్రం లేదు. తీసుకుంటే మొత్తం పెట్టె తీసుకోవాలి, లేదంటే మొత్తం వదులుకోవాలి. మరీ ఎక్కువసార్లు వద్దన్నవాడికి తరవాతి పిలుపు అనుమానమే. మన బజార్లో ఇలా అమ్మితే దుకాణం ముందు గొడవే జరుగుతుంది, వీళ్ళ దగ్గర మాత్రం డెబ్భై ఏళ్ళు క్యూ కట్టారు! ఎందుకంటే పెట్టె చేతికొచ్చిన రోజునే దానిమీద లాభం ఉండేది. కొన్ని పెట్టెలు సీలు విప్పకుండానే ప్రీమియం మీద చేతులు మారి బొంబాయి చేరేవి. అక్కడ మేం మళ్ళీ ఏరేవాళ్ళం, ఎందుకంటే సూరత్‌లో ఒక్కో కార్ఖానాకి ఒక్కో రకమే కావాలి. గనిలో ఒకసారి, లండన్లో ఒకసారి, ఒపెరా హౌస్‌లో ఒకసారి. ఏరిన ప్రతిసారీ ధర మారింది.

ఎదురు తిరిగినవాళ్ళు లేకపోలేదు. 1981లో జైర్, అంటే ఇవాళ్టి కాంగో, సొంతంగా అమ్ముకుంటామని బయటికెళ్ళింది. వాళ్ళ రకం సరుకు ధర బజార్లో పడిపోయింది, రెండేళ్ళకే వెనక్కొచ్చారు. 1996లో ఆస్ట్రేలియా ఆర్గైల్ గని బయటికెళ్ళింది, వీళ్ళు మాత్రం నిలబడ్డారు. కారణం మనవాళ్ళే. ఆర్గైల్ సరుకు ఎక్కువగా చిన్నది, గోధుమరంగుది, యూరప్‌లో దాన్ని సాన పడితే కూలి కూడా గిట్టదు. సూరత్, నవ్‌సారీ చేతులు దాన్ని గిట్టుబాటు చేశాయి. ఆ గోధుమరంగుకే షాంపేన్, కాన్యాక్ అని పేర్లు పెట్టి ఖరీదైన రకంగా అమ్మారు. తరవాత కెనడా గనులొచ్చాయి, రష్యా విడిగా అమ్మడం మొదలెట్టింది. 2000 నుంచి డి బీర్స్ కూడా బజారు మొత్తాన్ని కాపలా కాసే పని మానుకుని తన సరుకు తాను అమ్ముకుంటోంది. 2013లో సైట్ లండన్ నుంచి బోట్స్వానా రాజధాని గాబరోన్‌కి మారింది. తవ్విన దేశంలోనే ఏరాలి, అక్కడికే వచ్చి కొనాలి అని ఆ ప్రభుత్వం పట్టుబట్టి సాధించుకుంది. ముప్ఫై లక్షల జనాభా కూడా లేని దేశం అది.

ఇప్పుడు చాలా గనులు టెండర్ పెడతాయి. బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లోనో, దుబాయ్‌లోనో వారం పదిరోజులు సరుకు చూపిస్తారు. ముందుగా టైము బుక్ చేసుకుని వెళ్ళాలి. బల్ల, దీపం, తూకం ఇస్తారు. లాట్ తరవాత లాట్ చూసి, దీంట్లోంచి ఎంత పాలిష్, అంటే సాన పట్టిన సరుకు, వస్తుంది, దానికి ఎంత ధర పలుకుతుంది, కూలి ఎంత, వడ్డీ ఎంత అని లెక్క వేసుకుని కంప్యూటర్లో రహస్యంగా ధర వేసి రావాలి. ఎక్కువ వేసినవాడిది సరుకు. సైట్ కన్నా ఇది న్యాయంగా కనిపిస్తుంది. కానీ గెలిచినవాడు ఎవరు? ఆ గదిలో అందరికన్నా ఎక్కువ ఆశపడ్డవాడు. టెండర్ గెలిచిన రాత్రి నిద్రపట్టని యజమానుల్ని నేను చూశాను.

బహిరంగ వేలమైతే? 2015లో బోట్స్వానా కరోవే గనిలో 1,109 క్యారట్ల రాయి దొరికింది, లెసెడి లా రోనా అని పేరు పెట్టారు. మరుసటేడు లండన్లో సోత్‌బీస్ వాళ్ళు దాన్ని అందరి ముందూ వేలానికి పెట్టారు. రఫ్ రాయికి అలా చేయడం ఈ వ్యాపారంలో ఎవరికీ నచ్చలేదు. పాట 6 కోట్ల 10 లక్షల డాలర్ల దగ్గర ఆగిపోయింది, యజమానులు అనుకున్న కనీస ధర రాలేదు, రాయి వెనక్కెళ్ళింది. 2017లో లండన్ నగల వ్యాపారి లారెన్స్ గ్రాఫ్ 5 కోట్ల 30 లక్షల డాలర్లకి కొన్నాడు. నలుగురి ముందూ పాడితే రాయి లోపల తానేం చూశాడో పోటీదారుకి చెప్పినట్టే గదా. ఆ గని కంపెనీ 2020లో ఇంకో దారి వెతికింది. 10.8 క్యారట్లు దాటిన రాళ్ళకి, సాన పట్టాక వచ్చే పాలిష్ విలువని బట్టి డబ్బు తీసుకునే ఒప్పందం ఆంట్‌వెర్ప్ కంపెనీ ఒకదానితో చేసుకుంది. నా మట్టుకు నాకు ఈ మొత్తం వ్యవహారంలో కాస్త నచ్చిన ఆలోచన ఇదే.

ప్రచారం సంగతి క్లుప్తంగా. 1947లో ఫ్రాన్సెస్ గెరెటీ అనే ఆవిడ డి బీర్స్ కోసం వజ్రం శాశ్వతం అనే మాట రాసింది. అందరూ దాన్ని ప్రేమ గురించి అనుకుంటారు. రఫ్ అమ్మేవాడి వైపునుంచి చూడండి. జనం ఇళ్ళల్లో ఉన్న వజ్రాలన్నీ తిరిగి బజారుకొస్తే గనిలో రాయి కొనేదెవరు? కాబట్టి కొన్నది అమ్మకూడదు, దాచుకోవాలి. ఆ ఒక్క మాట లాకర్లలో పెట్టిన సరుకంత పని చేసింది.

కింబర్లీ ప్రాసెస్ గురించి అడుగుతారని తెలుసు. అంగోలా, సియెర్రా లియోన్ యుద్ధాల్లో తిరుగుబాటు ముఠాలు రఫ్ అమ్మి తుపాకులు కొన్నాయి. దాన్ని ఆపడానికి దేశాలు చేసుకున్న ఏర్పాటే కింబర్లీ ప్రాసెస్. 2003 నుంచి రఫ్ దేశం దాటాలంటే ప్రభుత్వ సర్టిఫికెట్, సీలు వేసిన పెట్టె ఉండాలి. మంచిదే. అయితే అది పట్టించుకునేది తిరుగుబాటుదారుల్నే, ప్రభుత్వ సైనికులు కూలీల్ని కొడితే ఆ నిర్వచనంలోకి రాదు. గ్లోబల్ విట్నెస్ సంస్థ దీనికోసం మొదటినుంచీ పోరాడింది, 2011లో విసిగి బయటికొచ్చింది. పైగా రకరకాల గనుల సరుకు ఒక్క పొట్లంలో కలిశాక రాయి మొహం చూసి ఊరు చెప్పడం నాబోటివాడి వల్ల కాదు.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుంటాను.

అక్కడ నీలం చీర అమ్మగారు ల్యాబ్ వజ్రాల గురించి అడిగారు. అమ్మా, అవి నకిలీవి కావు, అదే కర్బనం, సూరత్‌లోనే బోలెడన్ని పెంచుతున్నారు. డి బీర్స్ 2018లో లైట్‌బాక్స్ అని పెట్టి క్యారట్ 800 డాలర్లకి అమ్మింది, ధర ఇంకా పడిపోవడంతో 2025లో ఆ దుకాణం మూసేస్తామంది. గనిలోంచి ఏమొస్తుందో గనివాడికి తెలియదు, అందుకే ఇంత ఏరడం. మెషీన్లోంచి ఏమొస్తుందో ముందే తెలుసు, కావాలంటే ఇంకో మెషీన్ పెడతారు. పెట్టుకోవడానికి కొనండి, బాగుంటాయి. అమ్ముకోవచ్చులే అని మాత్రం కొనకండి. గని వజ్రమైనా షాపులో కొన్న ధర తిరిగి రాదు, అదీ చెబుతున్నాను.

డిగ్రీ చదివే అబ్బాయి, కోహినూరు రోజుల్లో మన దగ్గర ఎలా అమ్మేవారని అడిగాడు. మంచి ప్రశ్న. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వ్యాపారి టావెర్నియర్ మన గనులు చూశాడు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో అరవై వేలమంది పని చేస్తున్నారని రాశాడు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా కూర్చుని, గుడ్డ కింద చేతులు పట్టుకుని బేరం చేసేవారట. చెయ్యి మొత్తం పట్టుకుంటే వెయ్యి, ఒక్క వేలు పట్టుకుంటే వంద, వేలు మధ్య కణుపు దాకా పట్టుకుంటే యాభై, కొస కణుపైతే పది. పక్కన కూర్చున్నవాడికి కూడా ధర తెలియదు.

ఆయన ఇంకొకటి రాశాడు, నాకు చాలా ఇష్టం. పది నుంచి పదిహేనేళ్ళ వ్యాపారుల పిల్లలు పొద్దున్నే చెట్టు కింద కూర్చునేవారు. ఒక పక్క తూకం రాళ్ళ సంచి, ఇంకో పక్క వరహాల సంచి. ఎవరైనా రాయి తెస్తే అందరికన్నా పెద్దవాడి చేతికిచ్చేవారు. వాడు చూసి పక్కవాడికి, వాడు ఇంకొకడికి, ఎవరూ నోరు విప్పకుండా రాయి అందరి చేతులూ తిరిగి మళ్ళీ పెద్దవాడి దగ్గరికి వచ్చేది. బేరం వాడే చేసేవాడు, ఎక్కువకి కొంటే నష్టం వాడిదే. సాయంత్రం ఆ రోజు కొన్నవన్నీ పోసి నీరు, అంటే రాయి తేటదనం, బరువు, శుభ్రత చూసి వేరుచేసేవారు. పెద్ద వ్యాపారుల దగ్గర ఆ రాళ్ళకి జోడు కుదిరే పొట్లాలు ఉండేవి గనక వాళ్ళకి అమ్మి, లాభం పంచుకునేవారు. పెద్దవాడికి నూటికి పావు వంతు మాత్రం ఎక్కువ. లండన్ సిండికేట్ పుట్టడానికి రెండు వందల ఏళ్ళ ముందు సంగతి ఇది.

ఆఖరి ప్రశ్న. వెనకాల నించున్నాయన, తొలకరికి కర్నూలు వైపు జొన్నగిరి, తుగ్గలి చేలల్లో రాళ్ళు ఏరడానికి వెళ్దామనుకుంటున్నారట, దొరికితే ఏం చేయాలని అడుగుతున్నారు. (నవ్వులు) ముందు దొరకనివ్వండి! నిజంగా దొరికితే వినండి. మధ్యప్రదేశ్ పన్నాలో అయితే ప్రభుత్వ డైమండ్ ఆఫీసు ఉంది. చిన్న గనికి లీజు తీసుకుని తవ్వినవాడు రాయి అక్కడ అప్పగిస్తే వాళ్ళే తూచి, విలువ కట్టి, వేలం వేసి, సుమారు 12 శాతం రాయల్టీ పట్టుకుని మిగతాది అతనికిస్తారు. జొన్నగిరి వైపు వ్యాపారి మీ దగ్గరికే వస్తాడు, డబ్బు సంచితో వస్తాడు, సాయంత్రంలోగా తేల్చమంటాడు. తేల్చకండి. క్యారట్ తూకం ఉన్నచోట మీ కళ్ళ ముందు తూయించి, అన్ని వైపులా ఫోటోలు తీసుకోండి. తోలు గీకనివ్వకండి, సుత్తితో కొట్టి చూద్దామనేవాణ్ణి దగ్గరికి రానివ్వకండి, వజ్రం గీత పడదు గానీ దెబ్బకి పగులుతుంది. ఒకరికొకరు పరిచయం లేని ముగ్గురికి విడివిడిగా చూపించండి. నాలుగోవాడిగా కావాలంటే నా దగ్గరికి తీసుకురండి, లూప్ ఇంకా ఇంట్లోనే ఉంది. ఫీజు అక్కర్లేదు, కాకపోతే పొద్దున పదిలోపు రండి, మా ఇంటి ఉత్తరం కిటికీకి ఎదురుగా కొత్త అపార్ట్‌మెంట్ లేచింది, ఆ తరవాత దాని గోడ రంగంతా గదిలోకొచ్చి పడుతోంది.